శేషం లేని పంపకం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్య గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, సావనీరులో అచ్చవుతూనే ఉంది. చదువు గొప్పదని ఈ హాల్లో ఉన్నవారికి మళ్ళీ చెప్పనక్కర్లేదు. అందుకని ఈసారి మేము ఒకే ఒక్క లెక్క గురించి మాట్లాడదామనుకున్నాం. ఆరో తరగతిలో వచ్చే లెక్క అది. గరిష్ఠ సామాన్య కారణాంకం, పిల్లల భాషలో గ.సా.కా. కొన్ని పుస్తకాల్లో గ.సా.భా. అని ఉంటుంది. కారణాంకం అన్నా భాజకం అన్నా ఇక్కడ ఒకటే. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు ఆదే ఆజమ్ అని చదివి ఉంటారు.

కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ పోయిన రంజాన్‌లో మనమంతా తలవంచుకున్నది ఈ లెక్క రాకే.

జరిగింది చాలామందికి తెలుసు. దాతలిచ్చిన సరుకు మన దగ్గరికి చేరింది. కందిపప్పు పొట్లాలు 126, సేమియా పొట్లాలు 210, ఖర్జూరం పొట్లాలు 84. జాబితాలో 50 ఇళ్ళున్నాయి. సంచులు కట్టే పని మా ఉపాధ్యాయులకే అప్పగించారు, లెక్కలు వచ్చినవాళ్ళం గదా అని. మేము చేసిందేమిటంటే, యాభైతో భాగించాం. ఇంటికి పప్పు రెండు, సేమియా నాలుగు, ఖర్జూరం ఒకటి. సంచులు కట్టడం అయిపోయాక చూస్తే పప్పు 26, సేమియా 10, ఖర్జూరం 34 మిగిలాయి. మిగిలినవి పక్కన పెట్టాల్సింది. ఎవరో ‘వరుసలో వచ్చినవాళ్ళకు ఒక్కోటి వేసేద్దాం’ అన్నారు, మేము సరే అన్నాం. వరుసలో ముప్పై నాలుగో ఆమెకు రెండు ఖర్జూరం పొట్లాలు వచ్చాయి, ముప్పై అయిదో ఆమెకు ఒకటే వచ్చింది. ఆమె సంచి విప్పి చూసుకుని, ముందామె సంచి వంక చూసి, ‘ఏం సారూ, మా ఇంట్లో రోజా ఉండేవాళ్ళు తక్కువనుకున్నారా?’ అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. వెనక ఉన్న మరి కొందరు సంచి అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. తర్వాత వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బతిమాలి ఇచ్చి వచ్చాం.

మర్నాడు సాయంత్రం తరగతిలో ఆ మూడు అంకెలూ బోర్డు మీద రాశాం. పాఠం చెబుదామని కాదు, మనసులో తొలుస్తుంటే రాశాం. ఏడో తరగతి అమ్మాయి ఒకతె కాసేపు పలక మీద గీసుకుని, ‘నలభై రెండిళ్ళయితే ఏమీ మిగలదు సార్. పప్పు మూడు, సేమియా అయిదు, ఖర్జూరం రెండు’ అంది. ఆ మూడు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించేవి ఏమేమిటో ఆమె వరసగా రాసింది: 1, 2, 3, 6, 7, 14, 21, 42. ఆ జాబితాలో ఏ సంఖ్య తీసుకున్నా సరుకు సమానంగా వెళ్తుంది. ఏడు ఇళ్ళకు పంచినా సరిపోతుంది, ఇరవై ఒకటికి పంచినా సరిపోతుంది. ఎక్కువ ఇళ్ళకు అందాలంటే అన్నిటికన్నా పెద్దది తీసుకోవాలి. అది 42. గ.సా.కా. అంటే ఇంతే. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న కారణాంకాల్లో పెద్దది.

‘ఇళ్ళు యాభై ఉన్నాయి గదమ్మా, ఎనిమిదింటిని మానేద్దామా?’ అన్నాం. ‘మానేయడం ఎందుకు సార్, ఎనిమిది సంచుల సరుకు కొంటే పోతుంది’ అంది. ఎనిమిది మూళ్ళు 24 పప్పు, ఎనిమిది అయిదులు 40 సేమియా, ఎనిమిది రెళ్ళు 16 ఖర్జూరం. అప్పుడు తలుపు దగ్గర నిలబడి వింటున్న కమిటీ పెద్ద ఒకరు, ‘ఈ మాట మొన్న చెప్పి ఉంటే ఆ ఎనభై పొట్లాలూ నేనే కొనిచ్చేవాణ్ణి గదయ్యా’ అన్నారు. ఆయన ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. పేరు చెబితే ఒప్పుకోరు.

ఆ అమ్మాయి ఇంత సులువుగా చేసిన లెక్కను మేము బడిలో ముప్పై ఏళ్ళుగా ఎలా చెబుతున్నామో కూడా చెప్పాలి. పిల్లలు ఎక్కడ తడబడతారంటే పేరు దగ్గరే. గరిష్ఠ అనే మాట వినగానే జవాబు పెద్ద సంఖ్య అయి ఉండాలనుకుంటారు. కనిష్ఠ అంటే చిన్నదనుకుంటారు. 12, 18 ఇచ్చి గ.సా.కా. అడిగితే 36 అని రాస్తారు, క.సా.గు. అడిగితే 6 అని రాస్తారు. చేసిన పని సరైనదే, పేర్లు తారుమారు. కారణాంకం అనేది సంఖ్య లోపల ఉండేది. అందులో ఎంత పెద్దదైనా ఇచ్చిన సంఖ్యల్లో చిన్నదాన్ని దాటదు. గుణిజం అనేది సంఖ్యకు బయట, ఎక్కంలో ముందుకు పోయేది. అందులో ఎంత చిన్నదైనా ఇచ్చిన వాటిలో పెద్దదానికి తగ్గదు. ఈ రెండు వాక్యాలు చెప్పకుండా మేము నిచ్చెన లెక్క వేయించి, ‘ఎడమ పక్కవి గుణించు’ అని చెప్పి పంపేవాళ్ళం. మార్కులు వచ్చేవి. అది మా తప్పు. పిల్లల మీద వేయడానికి లేదు.

ఆ తప్పు మాకు ఎదురుగా వచ్చి నిలబడిన రోజు ఒకటుంది. మన సాయంత్రం తరగతి జరిగే పక్క గదికి నాపరాళ్ళు వేయించాం గదా, అప్పటి మాట. మన పల్నాడులో నాపరాయికి కొదవ లేదు, మాచర్ల వైపు నుంచీ దాచేపల్లి వైపు నుంచీ వస్తుంది. గది 22 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. రాళ్ళు పరిచే మేస్త్రి మా దగ్గర చదివినవాడే. పదో తరగతి దాటి పదేళ్ళు కూడా కాలేదు. లెక్కల్లో రెండుసార్లు తప్పి వదిలేశాడు. పాలిటెక్నిక్‌లో చేరాలని ఎంతో అనుకున్నాడు, పది పాస్ కానిదే అది కుదరదు గదా.

రాయి కోయకుండా, ముక్క మిగలకుండా, అన్నీ ఒకే కొలత చదరపు రాళ్ళు పరవాలంటే ఏ సైజు కావాలని అడిగాం. ఊరికే, మాటకు మాటగా. అతను తాడు తీశాడు. పొడుగు గోడ వెంట వెడల్పు కొలతను వేసి చూశాడు. 22లో 16 ఒకసారి పోయి 6 మిగిలింది. ఆ ఆరడుగుల తాడుతో వెడల్పును కొలిచాడు. 16లో 6 రెండుసార్లు పోయి 4 మిగిలింది. ఆ నాలుగుతో ఆరును కొలిచాడు, 2 మిగిలింది. రెండుతో నాలుగును కొలిస్తే ఏమీ మిగల్లేదు. లేచి నిలబడి, ‘రెండడుగుల రాయి సార్. పొడవుకు పదకొండు, అడ్డంగా ఎనిమిది, మొత్తం ఎనభై ఎనిమిది పడతాయి’ అన్నాడు. సందుల్లో సిమెంటు మాట వేరే అనుకోండి.

మేము ఆశ్చర్యపోయి, ‘ఒరేయ్, ఇది పదో తరగతి మొదటి పాఠం గదరా, యూక్లిడ్ భాగహార న్యాయం!’ అన్నాం. అతను తాడు చుట్టుకుంటూ, ‘అప్పుడు మీరు ఏ, బీ, క్యూ, ఆర్ అన్నారు సార్. తాడు అనలేదు’ అన్నాడు.

నిష్ఠూరంగా కూడా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

ఈ తాడు పద్ధతి ఎందుకు పని చేస్తుందో ఇప్పుడు చూద్దాం. పెద్దలు కూడా చూడండి, కష్టం లేదు. ఒక పొడుగు తాడు, ఒక పొట్టి తాడు ఉన్నాయి. ఒకే కర్ర రెండిటినీ సరిగ్గా కొలుస్తోంది, ముక్క మిగలకుండా. అప్పుడు పొడుగు తాడులో పొట్టిదాని కంటే ఎక్కువున్న భాగాన్ని కూడా ఆ కర్ర సరిగ్గానే కొలుస్తుంది. కొలవక తప్పదు. పొడుగుది ఇన్ని కర్రలు, పొట్టిది అన్ని కర్రలు, తేడా కూడా కర్రల లెక్కే అవుతుంది, సగం కర్ర అవదు. తిరగేసి చూసినా అంతే. తేడానీ పొట్టిదాన్నీ కొలిచే కర్ర ఏదైనా పొడుగుదాన్నీ కొలుస్తుంది, ఎందుకంటే పొడుగుది ఆ రెండూ కలిపిందే. కాబట్టి పొడుగుదాన్ని తీసేసి దాని చోట తేడాను పెట్టినా, ఉమ్మడిగా కొలిచే కర్రలు మారవు. సంఖ్యలు మాత్రం చిన్నవవుతాయి. అలా చిన్నవి చేసుకుంటూ పోతే ఏదో ఒక చోట శేషం సున్నా వస్తుంది. దానికి ముందు మిగిలిందే గ.సా.కా.

చిన్న సంఖ్యలకు ఇదంతా ఎందుకు, చూస్తేనే తెలుస్తుంది గదా అని తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అన్నాడు. వాడికి 437, 323 ఇచ్చాం. రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, ఏదీ పోవడం లేదు. ‘ఒకటి సార్’ అని రాసి పలక పెట్టేశాడు. తాడు పద్ధతిలో చేయమన్నాం. 437లో 323 తీస్తే 114. 323లో 114 రెండుసార్లు తీస్తే 95. 114లో 95 తీస్తే 19. 95లో 19 అయిదుసార్లు పోయి ఏమీ మిగలదు. జవాబు 19. 437 అంటే 19 ఇరవై మూళ్ళు, 323 అంటే 19 పదిహేళ్ళు. పందొమ్మిదో ఎక్కం రానివాడు కూడా ఈ జవాబు దాకా రావచ్చు, తీసివేత వస్తే చాలు. మాకు ఈ పద్ధతి మీద అంత ప్రేమ అందుకే. కారణాంకాలు వెతికే పద్ధతికి అదృష్టం కావాలి, దీనికి ఓపిక ఉంటే చాలు.

యూక్లిడ్ దీన్ని క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో తన ఎలిమెంట్స్ ఏడో భాగం మొదట్లోనే పెట్టాడు. మన దేశంలో ఆర్యభటుడు 499లో రాసిన గ్రంథంలో కుట్టకం అనే లెక్క ఉంది, దాని నడక కూడా ఇలా ఒకదానితో ఒకటి భాగించుకుంటూ పోవడమే. భాస్కరాచార్యుల లీలావతిలోనూ కుట్టకం ఉంది. ఆ లీలావతిని అక్బర్ చెప్పగా ఫైజీ 1587లో ఫారసీలోకి మార్చాడు. మన తెలుగులో పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుల గణితాన్ని పద్యాల్లో పెట్టాడు. లెక్కకు ఏ భాషా అడ్డు రాలేదని చెప్పడానికే ఈ పేర్లు, పిల్లలు బట్టీ పట్టనక్కర్లేదు.

అయితే ఈ సభలో చెప్పాల్సిన ముఖ్యమైన చోటు ఇంకొకటుంది. వారసత్వ పంపకం, ఇల్మె ఫరాయిజ్. తీర్పు చెప్పాల్సింది ఆలిములు, మాకు తెలిసింది అందులోని లెక్క మాత్రమే. ఖురాన్‌లో వచ్చిన వాటాలు ఆరు. సగం, పావు, ఎనిమిదో వంతు, మూడింట రెండు, మూడో వంతు, ఆరో వంతు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వేర్వేరు వంతులు వస్తే ఆస్తిని మొత్తం ఎన్ని భాగాలు చేయాలన్నదే ప్రశ్న. సిరాజుద్దీన్ సజావందీ రాసిన సిరాజియ్యా మన మదరసాల్లో ఇప్పటికీ చెబుతారు. విలియం జోన్స్ 1792లో కలకత్తాలో దాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. అందులో రెండు సంఖ్యల మధ్య ఉండే సంబంధాలు నాలుగని చెప్పారు. రెండూ సమానమైతే తమాసుల్. చిన్నది పెద్దదాన్ని సరిగ్గా భాగిస్తే తదాఖుల్. అలా కాకుండా ఇద్దరికీ ఒకటి కంటే పెద్ద ఉమ్మడి కారణాంకం ఉంటే తవాఫుఖ్. ఒకటి తప్ప ఉమ్మడిది ఏదీ లేకపోతే తబాయున్. ఉన్నదీ లేనిదీ తెలుసుకునే దారి కూడా చెప్పారు. పెద్దదాంట్లో చిన్నదాన్ని తీస్తూ, తర్వాత ఇటు నుంచి అటు తీస్తూ, రెండూ ఒక చోట కలిసేదాకా పోవడం. మన మేస్త్రి తాడు ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన పోయారు. తండ్రి లేడు. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగతాది పిల్లలకు, కొడుక్కి కూతురికి రెట్టింపు. ఎనిమిదినీ ఆరునూ గుణించి 48 భాగాలు చేయవచ్చు, తప్పేమీ కాదు. కానీ రెండిటికీ 2 ఉమ్మడిగా ఉంది, అంటే తవాఫుఖ్. కాబట్టి ఆరులో సగం మూడు, దాన్ని ఎనిమిదితో గుణిస్తే 24 చాలు. భార్యకు 3, తల్లికి 4, పిల్లలకు 17. కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి, మొత్తం అయిదు తలలు. 17కీ 5కీ ఉమ్మడి ఏమీ లేదు, తబాయున్. అందుకని 24ను అయిదుతో పెంచాలి, 120 భాగాలు. భార్యకు 15, తల్లికి 20, కొడుక్కి 34 చొప్పున, కూతురికి 17. ఆరెకరాల పొలమనుకోండి, 600 సెంట్లు, భాగానికి అయిదు సెంట్లు. భార్యకు 75 సెంట్లు, తల్లికి ఎకరం, కొడుకులకు ఎకరం డెబ్బై సెంట్ల చొప్పున, కూతురికి 85 సెంట్లు. కలిపి చూసుకోండి, ఒక్క సెంటు తేడా రాదు. కూతురి 85 సెంట్లు కాగితం మీద వచ్చి గట్టు మీద రాకపోవడం వేరే సంగతి. అది గ.సా.కా. తప్పు కాదు.

ఇంకొకటి, క్లుప్తంగా. తల్లిదండ్రులు, పదిమంది కూతుళ్ళు. ఆరు భాగాల్లో తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, కూతుళ్ళకు నాలుగు. నాలుగును పదిమందికి పంచలేం. తొందరపడి ఆరును పదితో గుణిస్తే 60 భాగాలవుతాయి. 4కీ 10కీ 2 ఉమ్మడి ఉందని చూసినవాడు పదిలో సగం అయిదుతోనే గుణిస్తాడు, 30 భాగాలు. తల్లిదండ్రులకు అయిదేసి, కూతుళ్ళకు రెండేసి. భాగాలు పెరిగేకొద్దీ ముక్కలు చిన్నవై, కొలిచేవాడు పొరబడే అవకాశం పెరుగుతుంది. గొడవలు అక్కడే పుడతాయి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణితంలో పెద్ద భాగం ఇలాంటి పంపకాల లెక్కలే. ఈనాడు కంప్యూటరు వాళ్ళు అల్గారిథమ్ అంటున్న మాట ఆయన పేరులోంచే వచ్చింది.

జకాత్ లెక్క కూడా ఒక్కమాటలో చెప్పేస్తాం. రెండున్నర శాతం అంటే వెయ్యికి ఇరవై అయిదు. 25కీ 1000కీ గ.సా.కా. 25. రెండిటినీ దానితో భాగిస్తే 1, 40. నలభైలో ఒక వంతు. శాతం తెలియని మన నానీలు దాదీలు నలభయ్యో వంతుగా తీసింది ఇదే.

ఇక మా మనవి. సాయంత్రం తరగతి సోమవారం నుంచి గురువారం దాకా, మగ్రిబ్ నమాజు తర్వాత గంట సేపు, పక్క గదిలో జరుగుతుంది. పత్తి తీతల రోజుల్లో, మిరప కోతల రోజుల్లో సగం మంది రారు. పగలు పనికి పంపకండి అని చెప్పే స్థితిలో అందరూ లేరని మాకు తెలుసు. ఆ ఒక్క గంట మాత్రం వదలండి. నకరికల్లు వాళ్ళే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలూ రావచ్చు, ఏ మతం వాళ్ళైనా రావచ్చు. ఆడపిల్లల్ని తీసుకువెళ్ళడానికి ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా వస్తే మంచిది.

కొనుగోలు కమిటీ వారికి ఇంకో మనవి. వచ్చే రంజాన్‌కు దాతల సరుకు జాబితా, ఇళ్ళ జాబితా, రెండూ బజారుకు వెళ్ళే ముందే మా పిల్లలకు ఇవ్వండి. సంచికి ఎన్ని, ఇంకెన్ని కొనాలి అన్నది వాళ్ళు ఒక కాగితం మీద రాసి ఇస్తారు. మొన్నటి ఏడో తరగతి అమ్మాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉంది, ఆ కాగితం ఆమే రాస్తానంది.

మేస్త్రిని కూడా పిలిచాం. మళ్ళీ పది పరీక్ష కడతాడా అని అడిగాం. ఓపెన్ స్కూల్ ఫారం తెచ్చి పెట్టమన్నాడు, తెచ్చి పెట్టాం. గురువారం పిల్లల దగ్గరికి తాడు తీసుకుని వస్తానన్నాడు.